అటక దిగిన ఇత్తడి స్టవ్వు

అమీర్‌పేట అనగానే ఎవరికైనా ముందు గుర్తొచ్చేవి బోర్డులే. మైత్రీవనం చుట్టూ మేడల నిండా కోచింగ్ సెంటర్ల బోర్డులు, హాస్టళ్ల బోర్డులు, కర్రీ పాయింట్ల బోర్డులు. అవి ఇంతగా పెరగకముందు, అంటే 1990ల్లో, కంప్యూటర్ కోర్సు కోసమనో పోటీ పరీక్షల కోసమనో జిల్లాల నుంచి వచ్చిన కుర్రాళ్లు ఎస్సార్‌నగర్, బల్కంపేట, ఎల్లారెడ్డిగూడ సందుల్లో ముగ్గురూ నలుగురూ కలిసి గది తీసుకునేవారు. ఓ చాప, ఓ బకెట్, ఓ కుక్కర్, ఓ కిరోసిన్ స్టవ్వు. సంసారం అంతే! గ్యాస్ కనెక్షన్ కావాలంటే చిరునామాకు రుజువు చూపాలి. ఆర్నెల్లకో గది మారే బ్రహ్మచారికి చిరునామా ఎక్కడిది? అందుకే వాళ్ల అన్నం కిరోసిన్ మంట మీదే ఉడికింది.

ఆ గదుల్లో చాలావరకు ఉన్నది వత్తుల స్టవ్వు. దానికన్నా ముందుతరం స్టవ్వు ఇంకోటి ఉంది. గుండ్రటి ఇత్తడి పొట్ట, మూడు కాళ్లు, పక్కనో పంపు, నడుమ బర్నరు. వెలిగిస్తే నాలుగిళ్లకు వినపడేలా బుస్సుమని హోరు. అమీర్‌పేట, పంజాగుట్టల్లో పాత ఇళ్లు పడగొట్టి అపార్టుమెంట్లు కట్టేటప్పుడు అటకలు ఖాళీ చేస్తుంటే బయటపడేది ఇదే. పక్కనే ఓ పెట్రోమాక్స్ లైటు, చిమ్నీ పగిలిన లాంతరు కూడా ఉండొచ్చు.

అప్పుడు ఇంట్లో ఓ చిన్న చర్చ మొదలవుతుంది. పాత సామాన్లవాడికి వేస్తే ఇత్తడి తూకానికి నాలుగు డబ్బులొస్తాయని ఒకరు. తళతళా తోమి షోకేసులో పెడదామని ఇంకొకరు. బాగుచేయించి పిక్నిక్కులకు తీసుకెళ్దామని పిల్లలు. ముగ్గురి మాటల్లోనూ న్యాయం ఉంది. అయితే మూడోదానికి సిద్ధపడేవాళ్లు ముందుగా తెలుసుకోవాల్సింది ఒకటుంది. పాత స్టవ్వును బాగుచేయడమంటే ఇత్తడికి మెరుగు పెట్టడం కాదు. దానితో ఎలా మెలగాలో మళ్లీ నేర్చుకోవడం. ఆ మెలకువ లేకుండా వెలిగిస్తే అది ఎంత మెరిస్తే మాత్రం ఏం లాభం!

వత్తి వేరు... పంపు వేరు

రెండు స్టవ్వులకూ కిరోసినే ఆధారం. తెలంగాణ పల్లెల్లో గ్యాస్‌నూనె అన్నా, కోస్తాలో కిరసనాయిలు అన్నా అదే. కానీ పనిచేసే తీరు పూర్తిగా వేరు. వత్తుల స్టవ్వులో నూనె వత్తుల ద్వారా దానంతటదే పైకి పాకుతుంది. పంపు లేదు, ఒత్తిడి లేదు. ఇండియన్ ఆయిల్ పరిశోధకులు 1970ల్లో రూపొందించిన ‘నూతన్’ స్టవ్వు ఈ జాతిదే. తక్కువ కిరోసిన్‌తో ఎక్కువ వంట కావాలన్నది దాని లక్ష్యం. చమురు ధరలు మండిపోయిన దశాబ్దం కదా మరి!

పంపు స్టవ్వు కథ వేరు. పంపు కొడితే ట్యాంకులోకి గాలి చేరుతుంది. ఆ గాలి కిరోసిన్‌ను గొట్టం గుండా బర్నరులోకి నెడుతుంది. బర్నరు అప్పటికే వేడెక్కి ఉండాలి. అప్పుడే కిరోసిన్ లోపలే ఆవిరవుతుంది. ఆ ఆవిరి వెంట్రుకంత సన్నటి రంధ్రం లోంచి వేగంగా చిమ్ముతుంది. ఆ రంధ్రం ఉండేదే నిపిల్. చిమ్మిన ఆవిరి చుట్టూ ఉన్న గాలితో కలిసి నీలిమంటగా మండుతుంది. ఆ మంటే తిరిగి బర్నరును వేడిగా ఉంచుతుంది. మొదట్లో ఆ వేడి ఎవరు ఇవ్వాలి? మనమే. అందుకే బర్నరు చుట్టూ ఉన్న చిన్న గిన్నెలో కాస్త స్పిరిట్ పోసి ముందుగా వెలిగిస్తారు.

ఇందులో మసి లేకపోవడం వెనక రహస్యం కూడా ఇదే. కిరోసిన్ ద్రవంగా మండితే పచ్చటి మంట, నల్లటి పొగ. ఆవిరై గాలితో బాగా కలిసి మండితే నీలిమంట, శుభ్రమైన గిన్నె. ఒక్కమాటలో చెప్పాలంటే పంపు స్టవ్వు మొత్తం మూడే సంగతుల మీద నడుస్తుంది. ఒత్తిడి, వేడి, గాలి. మూడింటిలో ఏది తప్పినా మంట మనకు చెబుతుంది. చూడటం తెలియాలంతే.

స్టాక్‌హోం నుంచి దక్షిణధ్రువానికి

ఈ స్టవ్వు పుట్టిల్లు స్వీడన్. 1892లో ఫ్రాన్స్ విల్హెల్మ్ లిండ్‌క్విస్ట్ అనే ఆయన స్టాక్‌హోంలో మసి పట్టని కిరోసిన్ స్టవ్వు తయారు చేశాడు. ‘ప్రైమస్’ అని పేరు పెట్టారు. అది ఎంతగా పాకిందంటే, చాలా దేశాల్లో ఏ కంపెనీ పంపు స్టవ్వునైనా ప్రైమస్ అనే పిలిచారు. మన దగ్గర జిరాక్స్ అన్న మాట పాకినట్టన్నమాట.

వంటింట్లోకి వచ్చిన వేగంతోనే అది మంచులోకీ వెళ్లింది. నార్వే సాహసి నాన్సెన్ 1893లో ఉత్తరధ్రువం వైపు సాగించిన ప్రయాణంలో ప్రైమస్ వెంట ఉంది. 1911లో దక్షిణధ్రువాన్ని మొట్టమొదట చేరిన అముండ్‌సెన్ బృందమూ దీన్నే వాడింది. మంచుదేశంలో స్టవ్వుకు అంత ప్రాధాన్యం ఎందుకు? వంటకన్నా ముందు నీళ్లకోసం. చుట్టూ కనుచూపు మేర మంచే ఉన్నా తాగడానికి చుక్క నీరుండదు. కరిగిస్తేనే నీళ్లు. స్టవ్వు మొరాయిస్తే దాహంతో పోవాల్సిందే.

ఈ మాట మనకూ దూరం కాదు. 2014 మే 25న నిజామాబాద్ జిల్లా అమ్మాయి మాలావత్ పూర్ణ, ఖమ్మం జిల్లా అబ్బాయి ఆనంద్‌కుమార్ ఎవరెస్టు ఎక్కినప్పుడు రాష్ట్రమంతా పండగ చేసుకుంది. ఎత్తయిన శిబిరాల్లో ఏ పర్వతారోహకుడైనా గంటల తరబడి చేసే పని, స్టవ్వు మీద మంచు కరిగించడమే. ఇప్పటి స్టవ్వులు గుప్పెట్లో పట్టేంత చిన్నవి. కానీ ద్రవ ఇంధనంతో నడిచే వాటిలో సూత్రం ఇప్పటికీ లిండ్‌క్విస్ట్‌దే. పంపు కొట్టు, బర్నరు వేడిచెయ్యి, ఆవిరిని మండించు. మన అటక మీది ఇత్తడి స్టవ్వు వాటికి తాతగారు.

గ్యాస్ బత్తీ వెలుగులో

స్టవ్వుకు తోడబుట్టినట్టుండేది పెట్రోమాక్స్ లైటు. తెలంగాణలో చాలామందికి అది గ్యాస్ బత్తీ. కరెంటు లేని ఊళ్లలో పెళ్లి ఊరేగింపు అయినా, హరికథ అయినా, వీధి భాగోతమైనా అది రావాల్సిందే. దాన్ని నెత్తిన పెట్టుకుని నడిచే మనిషి వెనకే ఊరేగింపు కదిలేది. పట్నంలో రాత్రిపూట మిర్చిబజ్జీల బండి మీద వెలిగిందీ అదే.

బెర్లిన్‌లోని ఎరిక్ అండ్ గ్రేట్జ్ కంపెనీకి చెందిన మాక్స్ గ్రేట్జ్ 1910 ప్రాంతంలో దీన్ని రూపొందించాడు. పెట్రోలియంలోని ‘పెట్రో’కు ఆయన పేరులోని ‘మాక్స్’ కలిసి పెట్రోమాక్స్ అయింది. పేరులో పెట్రోలు వినిపించినా ఇందులో పోయాల్సింది కిరోసినే. ఈ సంగతి బాగా గుర్తుంచుకోవాలి!

స్టవ్వులో మంట గిన్నెను వేడిచేస్తే, ఇందులో మంట మాంటిల్‌ను వేడిచేస్తుంది. కొత్త మాంటిల్ చూడ్డానికి చిన్న గుడ్డసంచి. ఒకసారి కాల్చితే గుడ్డ పోయి, ముట్టుకుంటే రాలిపోయే బూడిద గూడు మిగులుతుంది. ఆ బూడిదే తెల్లగా వెలుగుతుంది. ఆస్ట్రియా రసాయన శాస్త్రవేత్త కార్ల్ అవర్ 1885లో మాంటిల్‌కు పేటెంటు తీసుకున్నాడు. తర్వాత 1891లో 99 పాళ్లు థోరియం ఆక్సైడ్, ఒక పాలు సీరియం ఆక్సైడ్ కలిపితే వెలుగు అద్భుతంగా ఉంటుందని తేల్చాడు.

ఈ థోరియం ఎక్కడిది? సముద్రతీరపు ఇసుకలో దొరికే మోనజైట్ ఖనిజంలోది. కేరళ తీరంతో పాటు మన భీమిలి, శ్రీకాకుళం తీరాల ఇసుకలోనూ మోనజైట్ ఉంది. 1950లో ఏర్పడిన ఇండియన్ రేర్ ఎర్త్స్ సంస్థ మాంటిళ్ల పరిశ్రమ కోసం థోరియం నైట్రేట్‌ను తయారుచేసింది. అంటే మన పెళ్లి పందిళ్లలో వెలిగిన ఆ తెల్లటి వెలుగుకు మూలం సముద్రపు ఇసుక!

ఆ స్టవ్వులు ఎందుకు అటకెక్కాయి?

జవాబు తెలిసిందే, గ్యాస్. 1950ల మధ్యలో బర్మా షెల్ కంపెనీ బొంబాయిలో వంటగ్యాస్ అమ్మకం మొదలుపెట్టింది. 1965లో కలకత్తాలో ఇండేన్ తొలి కనెక్షన్ ఇచ్చింది. అక్కడి నుంచి నగరాల్లో ఒక్కో వంటిల్లూ మారుతూ వచ్చింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో మొదలైన దీపం పథకం పొదుపు సంఘాల మహిళల ఇళ్లకు సిలిండర్ చేర్చింది. 2016లో దేశమంతటా ఉజ్వల వచ్చింది. బ్రహ్మచారుల కష్టం తీర్చడానికి 2013లో 5 కిలోల సిలిండర్‌ను చిరునామా గొడవ లేకుండా పెట్రోలు బంకుల్లో అమ్మడం ప్రారంభించారు. ఇటు కర్రీ పాయింట్లు, హాస్టళ్లు పెరిగాయి. అమీర్‌పేట గదుల్లో వండుకునే అవసరమే తగ్గింది.

రేషన్ కిరోసిన్ సంగతీ అంతే. పక్కదారి పట్టకుండా నీలం రంగు కలిపి ఇచ్చిన ఆ నూనె మీద కేంద్రం సబ్సిడీని కొంచెం కొంచెంగా తగ్గిస్తూ, 2020 మార్చి నాటికి పూర్తిగా తీసేసింది. కాబట్టి ఈ సరదా పెట్టుకునేవాళ్లు రోజూ వంట చేసుకుందామని కాదు, ఎప్పుడో ఒకసారి వెలిగించుకుందామనే పెట్టుకోవాలి.

స్టవ్వుతో పాటు మాయమైపోయిన మనిషి ఇంకొకరున్నారు. స్టవ్ రిపేర్ అంటూ వీధివీధికీ తిరిగిన మెకానిక్. భుజాన సంచి, అందులో బర్నరు తాళం, తోలు వాషర్లు, నిపిళ్లు, ఓ కట్ట పిన్నులు. అరుగు మీద కూర్చుని పావుగంటలో స్టవ్వు విప్పి, బిగించి, వెలిగించి చూపేవాడు. ఇల్లాలికి రెండు జాగ్రత్తలు కూడా చెప్పి వెళ్లేవాడు. కిరాణా కొట్లో స్టవ్ పిన్ను దొరకడం మానేసిన రోజే ఆయన విద్య కూడా వీధిలోంచి వెళ్లిపోయింది. ఇప్పుడు ఆ పాఠం మనమే చదువుకోవాలి.

ముందు పరీక్ష... తర్వాతే మెరుగు

అటక మీంచి దించగానే చింతపండు పట్టుకుని కూర్చోకండి. మొదట ట్యాంకు చూడాలి. ఇనుప ట్యాంకైతే అడుగున తుప్పు తినేసిందేమో చూడండి. ఇత్తడిదైతే అతుకుల దగ్గర, కాళ్లు అంటించిన చోట సన్నటి పగుళ్లు వెతకండి. చిల్లు, పగులు కనిపిస్తే ఆ స్టవ్వు షోకేసుకే. టంకం పెట్టించి వాడదామన్న ఆలోచన వద్దు. వేడికి, ఒత్తిడికి ఆ అతుకు నమ్మదగింది కాదు. పైగా కిరోసిన్ ఆవిరి మిగిలిన ట్యాంకు దగ్గరకు టంకం మంట తేవడమే పెద్ద ప్రమాదం.

తర్వాత పంపు. లోపల చివర ఓ తోలు గిన్నె ఉంటుంది. ఏళ్లకేళ్లు ఎండి అది అట్టలా బిగుసుకుపోతుంది. పంపు కొడుతుంటే చేతికి ఏ బరువూ తగలకపోతే దోషం దానిదే. తీసి నూనెలో నానబెట్టి, అంచుల్ని వేళ్లతో మెల్లగా విప్పితే చాలాసార్లు ప్రాణం పోసుకుంటుంది. చీలిపోతే మాత్రం కొత్తది వేయాల్సిందే.

పంపు గొట్టం అడుగున చిన్న కవాటం ఉంటుంది. గాలిని లోపలికి పోనిస్తుంది, వెనక్కి రానివ్వదు. పంపు కడ్డీ తనంతట తానే పైకి లేస్తున్నా, పంపులోంచి కిరోసిన్ కారుతున్నా ఆ కవాటంలోని రబ్బరు బిళ్ల పాడైందని అర్థం. దాన్ని మార్చకుండా వెలిగించకూడదు. మూత కింది వాషరు, గాలి స్క్రూ, బర్నరు కూర్చునే చోట వాషరు కూడా మార్చాలి. పాత పెట్రోమాక్స్ లాంటి వాటిలో కడ్డీ చుట్టూ చుట్టిన పాత దారం ఆస్‌బెస్టాస్ కావచ్చు. దాన్ని పొడిగా గీకి దుమ్ము పీల్చకండి. తడిపి తీసి, దాని చోట గ్రాఫైట్ దారం వాడాలి.

ఇక నిపిల్. రంధ్రం పూడుకుపోతే పిన్నుతో పొడవాలి. పూడిక పోవాలంతే, రంధ్రం పెద్దది కాకూడదు. గుండుసూదితోనో, తీగముక్కతోనో కెలికితే రంధ్రం పెరిగి మంట పచ్చబడుతుంది, మసి కడుతుంది. అలాంటి నిపిల్‌ను పారేసి కొత్తది వేయడమే మార్గం.

అన్నీ బిగించాక అసలు పరీక్ష. కిరోసిన్ పోయకుండానే ట్యాంకుకు నాలుగైదు పంపులు గాలి కొట్టి బకెట్ నీళ్లలో ముంచండి. సైకిల్ ట్యూబు పంక్చర్ చూసినట్టే! ఎక్కడ బుడగ లేచినా అక్కడ లీకున్నట్టు. బుడగ లేని స్టవ్వే తర్వాతి మెట్టు ఎక్కాలి. ఆ తర్వాత బాగా ఆరబెట్టాలి. లోపల నీటిచుక్క మిగిలినా మంట చిటపటలాడుతుంది.

ఇప్పుడు మెరుగు పెట్టుకోవచ్చు. చింతపండో, నిమ్మచెక్కా ఉప్పో చాలు. వెంటనే కడిగి తుడిచేయాలి. అమోనియా కలిసిన పాలిష్‌లు మాత్రం వద్దు. ఇత్తడిలో అప్పటికే బిగువు ఉన్నచోట అమోనియా పగుళ్లు తెప్పిస్తుంది. కంపెనీ ముద్ర ఉన్న చోట గట్టిగా రుద్దకండి. స్టవ్వు వయసు, ఊరు చెప్పేది ఆ ముద్రే.

విడిభాగాల వేట కూడా ఓ సరదాయే. అమీర్‌పేటలో మెట్రో ఎక్కి మియాపూర్ వైపు వెళ్తే మూడో స్టేషను ఎర్రగడ్డ. అక్కడి ఆదివారం సంత పాత వస్తువులకు పేరుపడింది. గురువారమైతే పాతబస్తీ వైపు జుమ్మేరాత్ బజార్ ఉంది. ఇత్తడి సామానుకు బేగంబజార్, వాషర్లూ ప్యాకింగుల్లాంటి వాటికి రాణిగంజ్. అతకని వాషర్ను బలవంతంగా బిగించకుండా, పాతదాన్ని జేబులో వేసుకెళ్లి కొలత చూసి కొనడం మంచిది.

వెలిగించే వేళ

మొదటిసారి వెలిగించేది ఇంట్లో కాదు, మేడ మీదో వాకిట్లోనో. పక్కన బకెట్ నిండా ఇసుక ఉండాలి. కిరోసిన్ మంట మీద నీళ్లు పోస్తే మంట నీటితో పాటు పాకుతుంది. నైలాన్, పాలిస్టర్ బట్టలు, వేలాడే కొంగులు, చున్నీలు వద్దు. నూలు బట్టలే మేలు. పిల్లల్ని పది అడుగుల దూరంలో ఉంచండి.

ట్యాంకులో ముప్పావు వంతుకు మించి కిరోసిన్ పోయకూడదు. పై భాగంలో గాలికి చోటుండాలి. గాలి స్క్రూ వదులుగా ఉంచి, గిన్నెలో స్పిరిట్ పోసి వెలిగించి, అది దాదాపు పూర్తయ్యేదాకా ఓపిక పట్టండి. అప్పుడు స్క్రూ బిగించి రెండు మూడు పంపులు మాత్రమే కొట్టండి. నీలిమంట అందుకుంటే ఇంకొన్ని కొట్టొచ్చు. అలాకాక పచ్చటి మంట ఎగిసిపడితే బర్నరు చాలినంత వేడెక్కలేదని, ఆవిరికి బదులు నూనే వస్తోందని అర్థం. కంగారుపడి ఊదకండి, నీళ్లు చల్లకండి. గాలి స్క్రూ తిప్పేస్తే ఒత్తిడి పోయి మంట తగ్గిపోతుంది. చల్లారాక మళ్లీ మొదటి నుంచి. స్టవ్వు వెలిగించేవాళ్లకు కళ్లు మూసుకున్నా చేయి వెళ్లాల్సిన చోటు ఆ స్క్రూయే.

చేయకూడనివి మూడే మూడు. వెలుగుతున్న, వేడిగా ఉన్న స్టవ్వులో కిరోసిన్ పోయడం. కిరోసిన్ దొరకలేదని పెట్రోలో థిన్నరో కలపడం. మంట తగ్గిందని నిపిల్ చూడకుండా పంపు మీద పంపు కొట్టడం. పెట్రోలు కిరోసిన్‌లా నెమ్మదిగా ఉండదు. మామూలు గది వేడికే మండే ఆవిరిని వదులుతుంది. చారెడు కలిసినా చాలు, ప్రమాదమే.

పెట్రోమాక్స్‌కూ ఇవే నియమాలు. అదనంగా మాంటిల్ జాగ్రత్త ఒకటి. పాత మాంటిళ్లలోని థోరియానికి స్వల్పంగా రేడియోధార్మికత ఉంది. దూరంగా వేలాడుతున్న దీపంతో భయం లేదు కానీ, రాలిన బూడిదను ఊదడం, పీల్చడం, చేతులు కడగకుండా అన్నం తినడం మంచిది కాదు. ఇప్పుడు థోరియం బదులు ఇట్రియం వాడిన మాంటిళ్లు వస్తున్నాయి. వాటినే ఎంచుకోండి.

పేలిందెవరి పాపం?

ఈ స్టవ్వుల గురించి రాస్తూ, ముద్దుగా పాతరోజుల కబుర్లు చెప్పి ముగించడం న్యాయం కాదు. స్టవ్వు పేలి ఇల్లాలు మృతి అన్న తరహా వార్తలు ఒకప్పుడు పత్రికల్లో తరచూ కనిపించేవి. వాటిలో కొన్ని నిజంగా ప్రమాదాలే. పాడైన వాషర్లు, పూడుకున్న నిపిళ్లు, కల్తీ కిరోసిన్, నైలాన్ చీరలు ఎందరినో పొట్టన పెట్టుకున్నాయి. అన్నీ ప్రమాదాలేనా అన్న ప్రశ్నను 1980ల్లో మహిళా సంఘాలు గట్టిగా అడిగాయి. ఎప్పుడూ కొత్త కోడలి చేతిలోనే స్టవ్వు ఎందుకు పేలుతోంది? ఆ ఇంట్లో మిగతావాళ్లు వెలిగించినప్పుడు ఎందుకు పేలలేదు?

ఆ ప్రశ్నలోంచే చట్టాలు వచ్చాయి. 1983లో భర్త, అత్తింటివారి క్రూరత్వాన్ని నేరం చేస్తూ శిక్షాస్మృతిలో 498-ఎ చేరింది. 1986లో వరకట్న మరణానికి సంబంధించిన 304-బి చేరింది. పెళ్లయిన ఏడేళ్లలోపు కాలిన గాయాలతోనో, అసహజంగానో మహిళ మరణించి, దానికి కొద్దిముందు కట్నం కోసం వేధించారని తేలితే అది వరకట్న మరణం కిందికి వస్తుంది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయసంహితలో ఇవి 85, 80 సెక్షన్లుగా ఉన్నాయి. చేసిన పాపాన్ని నోరులేని ఇత్తడి మీదికి నెట్టేస్తే చాలదని చట్టం తేల్చిందన్నమాట.

పాత స్టవ్వును చూసి ఇంట్లో పెద్దావిడ మొహం తిప్పుకుంటే, వెలిగిస్తానంటే వద్దని గట్టిగా అంటే, చాదస్తమని తీసిపారేయకండి. ఆమెకు తెలిసిన ఏ ఇంటి కథో అందులో ఉండొచ్చు. అడిగి వినండి. ఆ కథ కూడా ఈ వస్తువు చరిత్రే. ఇత్తడి మీది మచ్చల్ని చింతపండుతో తోమేసినట్టు దాన్ని తోమేయలేం.

ఎక్కడ వాడొచ్చు?

గుడారంలో, తలుపులు మూసిన గదిలో, కారులో... ఎక్కడా వద్దు. సరిగ్గా గాలి ఆడనిచోట ఏ మంటయినా కార్బన్ మోనాక్సైడ్ వదులుతుంది. దానికి రంగూ లేదు, వాసనా లేదు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది. చలి కాచుకోవడానికి స్టవ్వు లోపల పెట్టుకోవడం అందుకే అన్నిటికన్నా పెద్ద తప్పు.

వికారాబాద్ దగ్గర అనంతగిరి వైపో, తెలిసినవారి పొలానికో వెళ్లినప్పుడు అనుమతి ఉన్నచోట, ఎండుగడ్డి లేని నేల మీద, గాలివాటం చూసుకుని వెలిగించుకోవచ్చు. అభయారణ్యాల్లో మాత్రం ఆ ఆలోచనే వద్దు. అక్కడ నిప్పు పెట్టడాన్ని 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం నిషేధించింది. రైల్లో కిరోసిన్, స్టవ్వు తీసుకెళ్లకూడదు. మండే పదార్థాలతో ప్రయాణిస్తే 1989 నాటి రైల్వే చట్టం 164వ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు, వెయ్యి రూపాయల వరకు జరిమానా లేదా రెండూ పడొచ్చు. సొంత వాహనంలో తీసుకెళ్లినా ట్యాంకు ఖాళీ చేసి, కిరోసిన్‌ను వేరే డబ్బాలో గట్టి మూతతో పెట్టాలి.

వాన, గాలి వచ్చినప్పుడు పనికొస్తుందా అంటే పనికొస్తుంది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు విశాఖ నగరం రోజుల తరబడి చీకట్లో ఉంది. ఇన్వర్టర్లు మొదటి రోజే చేతులెత్తేశాయి. అలాంటి వేళ వరండాలో ఓ లాంతరు, ఓ స్టవ్వు పెద్ద దిక్కు. కాకపోతే తుపాను రాత్రి పాఠం మొదలుపెట్టడం కుదరదు. ముందే నేర్చుకుని ఉండాలి.

ఇంతా చదివాక ‘మనవల్ల కాదులే’ అనిపిస్తే అందులో తప్పేమీ లేదు. కిరోసిన్ మొత్తం వంచేసి, గాలి స్క్రూ తెరిచి, నిపిల్ తీసి పక్కన పెట్టి అలమరలో ఉంచండి. వెలగకపోయినా దాని విలువ తగ్గదు. అడుగున చిన్న చీటీ అంటించండి. ఎవరు కొన్నారు, ఏ ఊళ్లో, ఏ సంవత్సరం, ఎందరికి వండిపెట్టింది. ఇంట్లో తెలిసినవాళ్లు ఉండగానే రాసిపెట్టాలి సుమా!

నేర్చుకుందామనుకునేవాళ్లు ఇంట్లో కనీసం ఇద్దరు కలిసి నేర్చుకోండి. ఒకరు పంపు కొడితే ఇంకొకరి చూపు మంట మీద ఉండాలి. ఇద్దరికీ గాలి స్క్రూ ఏ వైపు తిప్పితే ఒత్తిడి పోతుందో తెలిసుండాలి. కిరోసిన్ పోసేముందు అదొక్కటీ పదిసార్లు తిప్పి చూసుకుంటే సగం చదువు అయినట్టే.